చిప్ డిజైన్ మొదలుపెడుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మొదటి ప్రయత్నంలోనే 32 బిట్ల రిస్క్-ఫైవ్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆదేశాల ప్రమాణం) ప్రాసెసర్ చేయాలని పట్టుదలగా ఉన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఎనిమిది బిట్ల కౌంటర్ ఒకటి, సర్క్యూట్లను కోడ్‌గా వర్ణించే భాష అయిన వెరిలాగ్‌లో రాసి, ఫ్యాక్టరీకి పంపదగిన జీడీఎస్ ఫైలు (చిప్పు ఆకారాల పటం) అయ్యేదాకా నువ్వే నడిపించు. ప్రాసెసర్‌కు పట్టే దశలన్నీ కౌంటర్‌కూ పడతాయి, పైగా తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకోగలుగుతావు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఫ్యాక్టరీ వారి పీడీకే, అంటే వారి తయారీ నియమాలు, కొలతలు ఉన్న ఫైళ్ల కట్ట, చూడాలంటే గోప్యతా ఒప్పందంపై సంతకం చేయవలసి వచ్చేది. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేను అందరికీ ఇచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. ఇక ఉచిత సాఫ్ట్‌వేర్లలో యోసిస్ నీ వెరిలాగ్‌ను గేట్లుగా, అంటే చిన్న తర్క సర్క్యూట్లుగా, మారుస్తుంది (దీన్నే సింథసిస్ అంటారు), ఓపెన్‌రోడ్ వాటిని పేర్చి వైర్లతో కలుపుతుంది, మ్యాజిక్, నెట్‌జెన్ అలా వచ్చిన లేఅవుట్‌ను (ఆకారాల అమరికను) తనిఖీ చేస్తాయి. లిబ్రెలేన్ వీటన్నిటినీ వరుసగా ఒకే ఆదేశంతో నడిపిస్తుంది కాబట్టి, ఏమీ అర్థం కాకుండానే జీడీఎస్ చేతికి వచ్చేస్తుందన్నదే నా భయం.

అందుకని ఒక సాయంత్రం ఆ స్కైవాటర్ పీడీకే (స్కై130)లోని హై డెన్సిటీ గేట్ల లైబ్రరీ నుంచి అతి చిన్న ఇన్వర్టర్‌ను, అంటే సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పే గేటును, లేఅవుట్ చూపే కేలేఅవుట్‌లో తెరిచి చూడు. దాని ఎత్తు 2.72 మైక్రాన్లు, వెడల్పు 1.38 మైక్రాన్లు. నిలువుగా దిగే పాలీసిలికాన్ పట్టీ డిఫ్యూజన్‌ను (కరెంటు పారే సిలికాన్ ప్రాంతాన్ని) దాటిన రెండు చోట్లే రెండు ట్రాన్సిస్టర్లు, ఒకటి పీ-మాస్, మరొకటి ఎన్-మాస్. దాటిన చోట ఆ పట్టీని కొలిస్తే 0.15 మైక్రాన్లు వస్తుంది. విలువను తిప్పమని నువ్వు వెరిలాగ్‌లో పెట్టే చిన్న గుర్తు ఒకటి చివరికి ఇలాంటి ఆకారమవుతుందని కళ్లారా చూశాక నీ కోడ్ రాసే తీరే మారుతుంది.

చిప్పును తెలిసిన ఆరంభ స్థితికి తెచ్చే రీసెట్ సంకేతం విషయంలో నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదు. నా తొలి డిజైన్లలో ఒకదానిలో రిజిస్టర్ల (విలువలను గుర్తుంచుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌ల) ఆరంభ విలువలను, సిమ్యులేషన్ మొదట్లో ఒక్కసారి నడిచే ఇనిషియల్ బ్లాక్‌లో రాసి ఊరుకున్నాను. సిమ్యులేషన్ చక్కగా నడిచింది, కానీ సిలికాన్‌లో కరెంటు రాగానే ఫ్లిప్‌ఫ్లాప్ సున్నాలో లేస్తుందో ఒకటిలో లేస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, వచ్చిన చిప్పు ఒకసారి పనిచేసి మరోసారి మొరాయించింది. నెలల శ్రమ వృథా అయింది. ప్రతి రిజిస్టర్‌కూ రీసెట్ ఇవ్వు, సింథసిస్ తరువాత వచ్చిన గేట్లతో ఐకారస్ సిమ్యులేటర్‌లో మళ్లీ సిమ్యులేషన్ నడుపు, సంకేతాలను గీతలుగా చూపే జీటీకేవేవ్‌లో రీసెట్ తరువాత కూడా విలువ తెలియదని చెప్పే ఎర్రని గీతలు మిగిలితే ముందుకు వెళ్లకు.

టైమింగ్ రిపోర్టులో సెటప్ కంటే హోల్డ్‌ను ముందు చదువు. సెటప్ అంటే క్లాక్ అంచుకు ముందు డేటా స్థిరంగా ఉండవలసిన సమయం, హోల్డ్ అంటే ఆ అంచు తరువాత స్థిరంగా ఉండవలసిన సమయం. సెటప్ తప్పితే క్లాక్ వేగం తగ్గించి చిప్పును వాడుకోవచ్చు, హోల్డ్ తప్పితే క్లాక్‌ను ఎంత తగ్గించినా ప్రయోజనం ఉండదు. డీఆర్‌సీ (ఫ్యాక్టరీ నియమాల తనిఖీ), ఎల్‌వీఎస్ (లేఅవుట్ నీ సర్క్యూట్‌తో సరిపోలిందా అన్న తనిఖీ) రెండింటిలో ఒక్క దోషం మిగిలినా పంపవద్దు.

ఇవన్నీ కుదిరాక, 2022లో మొదలైన టైనీ టేపౌట్‌కు పంపవచ్చు. అందులో ఒకే చిప్పు మీద ఎందరో తమ డిజైన్లు పెట్టి ఖర్చు పంచుకుంటారు, ఒక్కొక్కరికి ఎనిమిది ఇన్‌పుట్లు, ఎనిమిది అవుట్‌పుట్లు, రెండు వైపులా పనిచేసే ఎనిమిది పిన్నులు దొరుకుతాయి. నీ కౌంటర్‌కు అంతకంటే అక్కరలేదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, హోల్డ్ రిపోర్టు ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఇట్లు,
మీ పెదనాన్న