32 కదలకపోయినా లీకే!

ప్రశ్న: మా ల్యాబ్‌లో టేకు చెట్ల వలయాల నుంచి తీసిన సెల్యులోజ్‌లో ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలు) కొలుస్తాం. వెండి క్యాప్సూల్‌లో చుట్టిన శాంపిల్ 1400 డిగ్రీల రియాక్టర్‌లో పడుతుంది. వాయువులను అణువుల బరువు (మాస్) బట్టి వేరుచేసి చూపే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో వారం నుంచి 28, 40 మాస్‌ల బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ లేకుండానే కనబడే సిగ్నల్) బాగా పెరిగింది. ఆక్సిజన్ మాస్ అయిన 32 మాత్రం కదలడం లేదు. ఆక్సిజన్ కనబడనప్పుడు లీక్ ఎలా అవుతుందని సీనియర్లు అంటున్నారు. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ టెస్ట్ పాసవుతోంది. థీసిస్ టెన్షన్ మొదలైంది సార్.
- పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: అది లీకేనమ్మా. గాలి లోపలికి వస్తోంది. మీ రియాక్టర్ నిండా గ్లాసీ కార్బన్ (గాజులా ఉండే కార్బన్) ఉంది కదా, ఆ వేడిలో గాలిలోని ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతుంది. ఇక 32లో ఏం కనబడుతుంది? ఆ మోనాక్సైడ్, గాలిలోని నైట్రోజన్ రెండూ 28లోనే చేరతాయి. ఆర్గాన్ మాత్రం దేనితోనూ కలవదు, అందుకే 40 నిజం చెబుతుంది. రియాక్టర్ దాటాక ఎక్కడైనా లీకుంటే 32 కూడా లేచేది. కాబట్టి వెతకాల్సింది రియాక్టర్ దగ్గర, దాని పైన శాంపిళ్లను ఒక్కొక్కటిగా వదిలే ఆటోశాంప్లర్ దగ్గర.

సబ్బు నీళ్లు మాత్రం పూయకండి, తేమ లోపలికి పోతే ఇంకో తలనొప్పి. ఆర్గాన్ సిలిండర్‌కు సన్నని గొట్టం తగిలించి, చాలా తక్కువగా వదులుతూ ఒక్కో జాయింట్ దగ్గర పట్టుకోండి. ఆర్గాన్ గాలికంటే బరువు, కిందికి జారుతుంది. అందుకని కింది జాయింట్‌తో మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఒక్కోచోట అర నిమిషమైనా ఆగి 40ని చూడండి. తొందరపడితే ముందు జాయింట్‌ది తర్వాతి దాని మీద పడుతుంది.

ఒకసారి నేను నాలుగు రోజులు ఇలాగే వెతికాను. వాయువులను వేరుచేసే కాలమ్ విప్పాను, జాయింట్లను బిగించే ఫెర్రూల్స్ మార్చాను. చివరికి రియాక్టర్ పై ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఉంచే రబ్బరు వలయం) తీసి వేలికొసతో తడిమితే నున్నగానే ఉంది. గోరుతో గీస్తే తగిలింది, తల వెంట్రుకంత పగులు. పైన చల్లబరిచే ఫ్యాన్ ఆగిపోయి, వేడికి రబ్బరు గట్టిపడింది. కాబట్టి ముందు ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

జాయింట్లన్నీ బాగున్నా 40 తగ్గకపోతే రియాక్టర్ సిరామిక్ గొట్టాన్నే అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే తెరుచుకునే పగుళ్లుంటాయి. ఈమధ్య కరెంటు పోయి రియాక్టర్ ఒక్కసారిగా చల్లారిందా? గొట్టాన్ని నెమ్మదిగా చల్లార్చి బయటికి తీసి, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు వేలితో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిదే. మొద్దుగా పలికితే పక్కన పెట్టేయండి.

బాగయ్యాక ముందు విలువ తెలిసిన ప్రామాణిక శాంపిల్ ఐఏఈఏ-601 బెంజోయిక్ ఆమ్లం పెట్టి చూడండి, దాని ఆక్సిజన్ ఐసోటోప్ విలువ వెయ్యికి 23.14 దగ్గర రావాలి. ఈ వారం వచ్చిన అంకెలు థీసిస్‌లో పెట్టకండమ్మా. సెల్యులోజ్ మిగిలి ఉంటే మళ్లీ తూచి పెట్టండి.