కాంటిలీవర్ సెన్సర్ మీద గ్యాస్ అతుక్కుంటే ఫ్రీక్వెన్సీ తగ్గాలి కదా, నాకు పెరుగుతోందేంటి, సెన్సర్ పాడైందా?

సెన్సర్ పాడైందేమో అని అడిగారు కదా, పాడై ఉండదు లెండి. కాంటిలీవర్ అంటే ఒక కొస బిగించి, రెండో కొస ఊగేలా వదిలిన బుల్లి పలక, దాని మీద బరువు పెరిగితే ఊగే ఫ్రీక్వెన్సీ తగ్గాలి, అదీ లెక్క. నాకూ అచ్చం ఇదే జరిగింది, రెండు వారాలు చిప్పులు మార్చి మార్చి విసిగిపోయాను, తీరా చూస్తే శాంపిల్ వదలకముందే, వట్టి డ్రై నైట్రోజన్ వాల్వ్ తిప్పగానే ఫ్రీక్వెన్సీ మెల్లగా పైకి పాకుతోంది. గాల్లో తేమ ఉంటుంది కదా, దాంతో సిలికాన్ మీద ఎప్పుడూ పల్చటి నీటి పొర ఉంటుంది, పొడి గ్యాస్ తగిలేసరికి అది ఆరిపోయి బరువు తగ్గుతోంది. నేను కొలుస్తున్నది వచ్చే గ్యాస్‌ని కాదు, పోయే నీళ్లని! అందుకే ముందు బేస్‌లైన్ (శాంపిల్ లేనప్పుడు వచ్చే రీడింగ్) నిలబడేదాకా ఆగండి, నేనైతే రాత్రంతా నైట్రోజన్‌లో వదిలేసేవాణ్ణి.

అదొక్కటే కాదు, దీన్ని బుల్లి తూకం అనుకోవడంలోనే సగం చిక్కుంది. 500 మైక్రాన్ల పొడవు, 100 వెడల్పు, 1 మైక్రాన్ మందం ఉన్న సిలికాన్ పలక తీసుకోండి, బరువు సుమారు 117 నానోగ్రాములు. దానికి ఒకవైపు పల్చగా బంగారం పూసి (ఆ బంగారం బరువు లెక్కలో వదిలేద్దాం) డోడెకేన్‌థయోల్ (బంగారానికి గట్టిగా అతుక్కునే ఒక రసాయనం) అణువులు ఒక్క వరస పరిస్తే పెరిగేది 80 పికోగ్రాముల లోపే. 5.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగే పలకకి అది రెండు హెర్ట్జ్ మార్పు కూడా కాదు, నాయిస్‌లో కొట్టుకుపోతుంది. అదే థయోల్ అణువులు బంగారం మీద ఇరుక్కుని ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే పలక బంగారం లేని వైపుకి వంగుతుంది, ఆ నెట్టుకోవడం వల్ల పైపొరలో పుట్టే ఒత్తిడి, అంటే సర్ఫేస్ స్ట్రెస్, 0.1 న్యూటన్ పర్ మీటర్ ఉందనుకుంటే కొస 300 నానోమీటర్లకి పైనే కదులుతుంది (పైపొర ఒత్తిడికి పలక ఎంత వంగుతుందో చెప్పే 1909 నాటి స్టోనీ సూత్రమే, వేసి చూస్కోండి). లేజర్, దాని వెలుగుని పట్టే ఫోటోడయోడ్ ఉంటే అది హాయిగా కనబడుతుంది, నేను చివరికి ఫ్రీక్వెన్సీ పక్కన పెట్టి వంపునే కొలిచా.

కాకపోతే బంగారం సిలికాన్ కన్నా వేడికి ఐదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, కాస్త వేడి మారినా పలక దానంతటదే వంగిపోతుంది, చిప్ దగ్గర చెయ్యి పెట్టినా గ్రాఫ్ కదిలేది నాకు. పక్కనే అదే బంగారం పూత ఉండి మీ గ్యాస్‌ని పట్టుకోని పొర వేసిన ఇంకో పలక పెట్టి రెండిటి తేడా తీయండి.

అన్నట్టు అణువులు ఎక్కడ అతుక్కున్నాయో కూడా చూస్కోండి. కొసన చేరితే బరువు బాగా తెలుస్తుంది, పలక మొదలు దగ్గర, అంటే బిగించిన చోట చేరితే బరువు లెక్కలోకే రాదు, పైగా పొర గట్టిదై పలక బాగా పల్చనిదైతే బిగుసుకుని ఫ్రీక్వెన్సీ నిజంగానే పెరుగుతుంది. కానీ ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి.