ఎమ్మాయు వంటింట్లోంచి కవిత రాయి

తమ్ముడూ,

సమాధిలోంచి లేచిన క్రీస్తు ఎమ్మాయు అనే ఊళ్ళో శిష్యులకి కనిపించడం మీద నువ్వు రాసిన కవిత చదివాను. భక్తి ఉంది, లయ కూడా బాగా కుదిరింది, కానీ బైబిల్లో లూకా సువార్త 24వ అధ్యాయంలో ఉన్నదే నీ కవితలోనూ ఉంది. ఇద్దరు శిష్యులు నడవడం, దారిలో కలిసినాయన్ని గుర్తుపట్టకపోవడం, ఆయన రొట్టె విరవగానే కళ్ళు తెరుచుకోవడం, ఆయన మాయమవడం. ఇదంతా సండే స్కూల్ పిల్లలకీ తెలుసు కదా.

ఒకసారి స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ఎమ్మాయు బొమ్మ చూడు. డబ్లిన్‌లో, ఐర్లాండ్ నేషనల్ గ్యాలరీలో ఉంది, నెట్‌లో ఫొటో దొరుకుతుంది. 1618 ప్రాంతంలో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో వేశాడు, అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. బొమ్మంతా వంటిల్లే. తలకి తెల్లగుడ్డ కట్టుకున్న నల్లజాతి పనమ్మాయి బల్ల మీదకి వంగి, కూజా మీద చెయ్యి వేసి ఉంటుంది. ఎదురుగా చిన్న రోలు, వెల్లుల్లి, బోర్లించిన గిన్నె. క్రీస్తేమో వెనక, ఎడమ పైమూలలో, కిటికీలాంటి సందులో చిన్నగా కనిపిస్తాడు. ఆ భాగం మీద ఎప్పుడో రంగు పూసేశారు, 1933లో శుభ్రం చేస్తుంటే బయటపడింది. అంతవరకు దాన్ని ఉత్త వంటింటి బొమ్మే అనుకున్నారు!

లూకా సువార్తలో ఈ అమ్మాయి లేదు. ఆ కాలపు సెవిల్‌లో ఎంతోమంది ఆఫ్రికన్లు బానిసలుగా ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, అలాంటి మనిషిని తెచ్చి అతను అందరికంటే ముందు నిలబెట్టాడు. ఈ బొమ్మ మీదే కవయిత్రి డెనిస్ లెవర్టోవ్ ఒక కవిత రాసింది. అందులో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇంకా తెలియదు, చెవి ఒగ్గి వింటున్న ఈ పిల్లకి మాత్రం ఆ గొంతు తెలుసు.

నువ్వు లూకా చెప్పినదాన్ని మార్చకు. క్రీస్తు ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడని రాశావంటే కథ చచ్చిపోతుంది, నమ్మేవాళ్ళ మనసూ కష్టపడుతుంది. లూకా చెప్పకుండా వదిలేసిన చోట్లు వెతుకు. పొద్దుపోయింది, మాతో ఉండమని శిష్యులు బతిమాలారు, సరే, మరి దీపం పెట్టిందెవరు? ఆ రొట్టె కాల్చిందెవరు? శిష్యులు ఆ గడియలోనే లేచి యెరూషలేముకి వెళ్ళిపోయారు. విరిచిన రొట్టె బల్ల మీదే ఉంది, గిన్నెలు కడగాలి, జరిగింది ఆ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? ఆ ఉదయమే క్రీస్తు సమాధి దగ్గర్నుంచి వచ్చి, ఆయన లేచాడని చెప్పిన ఆడవాళ్ళ మాటల్ని అపొస్తలులే వెర్రిమాటలనుకున్నారు, ఇక పనిపిల్ల మాట ఎవరు నమ్ముతారు?

నీ కవిత అక్కడ మొదలవ్వాలి. 'దివ్యతేజం', 'పరమకాంతి' లాంటివన్నీ కొట్టేసి, కొత్తది రాసి పంపు, ఎంత ఆలస్యమైనా చదువుతాను.