కిడ్నీ మీద రీసెర్చ్‌కి కిడ్నీ డిపార్ట్‌మెంటే వెతకాలా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర ఒక పల్లె. విజయనగరంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా పెదనాన్న డయాలసిస్ మీద ఉన్నారు. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో తేల్చే పనిలో నేనూ ఉండాలని కోరిక. నాన్నేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. పీహెచ్‌డీ అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చదివినన్నాళ్లూ ఇంట్లో అడగాల్సిందేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు డబ్బు సంగతి చెప్తానమ్మా, ఇంట్లో గొడవంతా దాని దగ్గరే కదా. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె అలవెన్సు వేరే. ఈ అంకెలు నాన్నగారికి చెప్పు. పీహెచ్‌డీ అంటే చేతి డబ్బు పోసి చదివేదనుకుంటారు మన ఊళ్లలో చాలామంది.

నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. లైఫ్ సైన్సెస్ పేపర్లో 145 ప్రశ్నలిస్తారు, మనం రాయాల్సింది 75, మార్కులు 200. మొక్కలూ ఎకాలజీ చూసి బయోకెమిస్ట్రీ పిల్లలు కంగారు పడతారు గానీ, ఇంత చాయిస్ ఉన్నప్పుడు సెల్ బయాలజీ, మాలిక్యులర్ బయాలజీ, ఇమ్యునాలజీ గట్టిగా పట్టుకుంటే చాలావరకు నెట్టుకురావచ్చు. తప్పుకి మార్కులు పోతాయి కాబట్టి గుడ్డిగా పెట్టకు. జేఆర్ఎఫ్ రాకపోయినా 'పీహెచ్‌డీ ఓన్లీ' కేటగిరీలో నిలిస్తే యూనివర్సిటీల్లో అడ్మిషన్‌కి ఆ స్కోరు 70 శాతం, ఇంటర్వ్యూ 30 శాతం లెక్కన చూస్తారు. గేట్ కూడా రాసి పెట్టుకో, ఐఐటీలకి పనికొస్తుంది.

ఇక కిడ్నీ. మన ఉద్దానం జబ్బుకి ఇదీ కారణమని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. నీళ్లు, సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పని, అన్నిటి మీదా అనుమానాలే. శ్రీలంక రైతుల్లో, మధ్య అమెరికాలో చెరకు కోసేవాళ్లలో కూడా ఇలాంటి జబ్బే ఉంది. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ ముందే కనబడుతుంది. ఇక్కడ దెబ్బ ఎక్కువగా కిడ్నీ లోపలి సన్నటి గొట్టాల మీద, వాటి చుట్టూ ఉండే కణజాలం మీద పడుతుంది కాబట్టి మొదట్లో ప్రోటీన్ పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగేసరికి కిడ్నీ సగం దెబ్బతిని ఉంటుంది. మీ పెదనాన్నలాంటి వాళ్లు ఆలస్యంగా ఆస్పత్రికి చేరడానికి ఇదొక కారణం. అంచేత త్వరగా పట్టిచ్చే గుర్తు ఏదైనా వెతకాలన్నా, నీళ్లలో లోహాలు కొలవాలన్నా, జన్యువులు చూడాలన్నా, ఊరూరి లెక్కలు కట్టాలన్నా ఒక్కో పనికి ఒక్కో రకం మనిషి కావాలి. బోర్డు మీద 'కిడ్నీ' అని ఉన్న ల్యాబే కావాలని కూర్చోకు. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన కేంద్రం), జాతీయ పోషకాహార సంస్థ, తిరువనంతపురంలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ, ఢిల్లీ యూనివర్సిటీలో అంబేడ్కర్ బయోమెడికల్ రీసెర్చ్ సెంటర్, వీటిలో ఎక్కడ చేయి తిరిగినా ఆ పని రేపు ఉద్దానానికి పనికొస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. నా మటుకు, పని బయట నేర్చుకుని అప్పుడు ఇటు రావడమే మేలు.

ఇప్పుడు అన్నిటికంటే అర్జెంటు నీ ప్రాజెక్టు. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు కాలేజీలో సీనియర్ రికార్డు చూసి దించేయకు. బయట ల్యాబులకి ఇప్పుడే మెయిల్స్ పెట్టు. 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హైలీ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్' అని యాభై మందికి ఒకటే మెయిల్ కొడితే ఎవరూ తెరవరు. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో ఏది అర్థమైందో రెండు వాక్యాలు, నీకు చేతనైన పని (పీసీఆర్, ఎలైసా లాంటి ల్యాబు పరీక్షల్లో ఏది వస్తే అది, రానిది రాయకు), ఏ నెల నుంచి ఏ నెల దాకా ఖాళీనో రాయి, సరిపోతుంది. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. వారం చూసి ఒక్కసారి గుర్తు చేయి. నెట్ రాకపోతే ప్రాజెక్టు అసిస్టెంట్‌గానో, ప్రాజెక్టు జేఆర్ఎఫ్‌గానో చేరు. ప్రాజెక్టు అయిపోతే ఆ ఉద్యోగమూ అయిపోతుంది, ఆ మాట ఇంట్లో ముందే చెప్పు. బీఈడీ ఎక్కడికీ పోదు, రెండేళ్లు గడువు అడుగు నాన్నని.

ప్రశ్న: బొబ్బిలి మాది, ఎం.ఫార్మసీ చదువుతున్నా. డబ్బు కడితే నా పేరుతో ఇంటర్నేషనల్ జర్నల్లో పేపర్ వేయిస్తానని, దాంతో పీహెచ్‌డీ సీటు ఖాయమని ఒకాయన అంటున్నాడు. కట్టనా?

జవాబు: కట్టకు బాబూ. ఇంటర్వ్యూలో ఆ పేపర్లోని మొదటి గ్రాఫ్ గురించి అడిగితే ఏం చెప్తావు? ఆ డబ్బు నైపర్ (జాతీయ ఫార్మసీ విద్యా, పరిశోధన సంస్థ) అప్లికేషన్ ఫీజుకీ, హైదరాబాద్ రైలు టికెట్‌కీ పెట్టుకో. జీప్యాట్ (ఎం.ఫార్మసీ ప్రవేశ పరీక్ష) స్కోరు ఉంటే అదీ పనికొస్తుంది.