ఢిల్లీ మ్యూజియంలు, కట్టడాలు ఒంటరిగా చూసి రావచ్చా? నా అనుభవం

ఇంట్లో ఎవరికీ పాత కట్టడాల మీద ఆసక్తి లేదు, ఢిల్లీకి ఒక్కదాన్నే వెళ్లి నాలుగు రోజులు మ్యూజియంలు, కోటలు చూసి రావాలని ఉంది, హిందీ అంతంతమాత్రం, భద్రత సంగతి తలచుకుంటే టెన్షన్‌గా ఉంది, వెళ్లొచ్చా, ఏమేం చూడాలి అని అడిగారు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో నేనూ ఒక్కదాన్నే వెళ్లి ఐదు రోజులు ఉండి వచ్చాను.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఇరవై రెండేళ్లుగా మొహెంజొదారో, కుతుబ్ మీనార్, మొగలులు అంటూ పాఠాలు చెప్పడమే గానీ వాటిలో ఒక్కటీ అప్పటిదాకా కళ్లారా చూడలేదు. మా ఆయనకు గుళ్లంటే ఇష్టం, మ్యూజియం అంటే అరగంటకే కాళ్లు లాగుతున్నాయంటారు. చివరికి ఆయనే "నువ్వు వెళ్లి రా, ఇల్లు నేను చూసుకుంటా" అని రైలు టికెట్ తీశారు. బయల్దేరే ముందు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఢిల్లీలో సోమవారం చూసుకోండి. నేషనల్ మ్యూజియం, ఎర్రకోట, గాంధీ స్మృతి, జైపూర్ హౌస్‌లోని ఆధునిక కళల గ్యాలరీ, రైల్ మ్యూజియం, ఇవన్నీ సోమవారం మూసే ఉంటాయి. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి మాత్రం వారమంతా తెరుస్తారు. నేను ఈ సంగతి కనుక్కోకుండా సోమవారం పొద్దున్నే ఎంతో ఆశగా నేషనల్ మ్యూజియం గేటు దాకా వెళ్లాను. తాళం చూసి చాలా బాధేసింది. మర్నాడు మళ్లీ బయల్దేరితే మెట్రో స్టేషన్ బయట ఒక ఆటో అతను "మ్యూజియం ఇవాళ బంద్, మంచి చీరల షాపు చూపిస్తా రండి" అన్నాడు. ముందు రోజు నిజంగానే మూసి ఉంది కదా, ఒక్క క్షణం నమ్మాను కూడా. అలాంటి మాటలు అక్కడ మామూలు. ముందు రోజు రాత్రే వెబ్‌సైట్‌లో చూసుకుని ఉంటే ఎవరేమన్నా మీరు కదలక్కర్లేదు. ఎర్రకోటను ఆగస్టు 15, జనవరి 26 వేడుకల కోసం కొన్ని రోజులు మూసేస్తారు, అదీ గుర్తుంచుకోండి.

సోమవారం అలా గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరగలేక కర్తవ్య పథ్ వెంబడి ఇండియా గేట్ వైపు నడిచాను. దాని వెనకాల 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. మధ్యలో ఎత్తైన స్తంభం, దాని కింద ఆరని జ్యోతి, చుట్టూ నాలుగు వలయాలు. అందులో త్యాగ చక్రం అనే వలయంలో గోడల నిండా గ్రానైట్ పలకలు, ఒక్కో పలక మీద ఒక్కో సైనికుడి పేరు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు పాతిక వేలకు పైగా ఉన్నాయి. అక్కడి సిబ్బందిని నా హిందీలోనే అడిగి, 2020లో చైనా సరిహద్దులోని గల్వాన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి పేరు ఎక్కడుందో వెతుక్కున్నాను. దొరికాక దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే బహుశా అంతసేపు నిలబడేదాన్ని కాను.

ఒక్కదాన్నే వెళ్లినందుకు నాకు దొరికిన అసలు లాభం ఇదేనండి. ఒకదాని ముందు ఎంతసేపు నిలబడ్డా "ఇంక పద" అనేవాళ్లు ఉండరు. ఆ లాభం మీకూ దక్కాలంటే పది చోట్ల పేర్లు రాసుకుని పరుగెత్తకండి. రోజుకి ఒక్క పెద్ద చోటు పెట్టుకోండి.

నేషనల్ మ్యూజియానికి మాత్రం రోజంతా ఉంచండి. హరప్పా గ్యాలరీ కింది అంతస్తులోనే ఉంటుంది. మొహెంజొదారో నర్తకి విగ్రహం బొమ్మను పాఠ్యపుస్తకంలో చూసి చూసి, అది కనీసం మూరెడైనా ఉంటుందనుకున్నాను. అసలు ఎత్తు 10.5 సెంటీమీటర్లే! అరచేతిలో పట్టేస్తుంది. ఎడమ చేతికి భుజం దాకా గాజులు, కుడి చేతికి నాలుగంటే నాలుగు, నడుం మీద ఒక చెయ్యి, కాస్త పైకెత్తిన గడ్డం. నాలుగు వేల ఏళ్లు దాటినా ఆ ధీమా చెక్కుచెదరలేదు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసే పద్ధతిలో చేశారు దాన్ని. మన ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా అనే ఇత్తడి బొమ్మలను ఇప్పటికీ ఇదే పద్ధతిలో పోస్తారు. ఇన్నేళ్లు పిల్లలకు ఈ ముక్క చెప్పలేదే అని అక్కడే అనిపించింది, ఇప్పుడు ప్రతి ఏడూ చెప్తున్నాను.

అదే మ్యూజియంలో మొహెంజొదారో హారం ఒకటి అడిగి చూడండి. దేశ విభజన తర్వాత తవ్వకాల్లో దొరికిన వస్తువులను పంచుకున్నప్పుడు ఆ హారాన్ని కూడా విడదీసి, పూసలు సగం ఇక్కడ, సగం పాకిస్తాన్‌లో ఉంచుకున్నారు. విభజన గురించి నేను చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఆ సగం హారం ఒక ఎత్తు.

ఇంకా ముందుకెళ్తే మన నాగార్జునకొండ శిల్పాలు కనిపిస్తాయి. ఇక్ష్వాకుల కాలం నాటివి, లేత రంగు సున్నపురాయి మీద బుద్ధుడి కథలు. అంత దూరం వెళ్లి మన కృష్ణా నది ఒడ్డు రాయిని చూస్తే పుట్టింటి మనిషి ఎదురుపడ్డట్టు ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా స్తూపంలో దొరికిన బుద్ధుడి ధాతువులు, అంటే ఎముకల అవశేషాలు కూడా ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. నేను వెళ్లినప్పుడు వాటి ముందు కొందరు విదేశీ భిక్షువులు నేల మీద కూర్చుని మెల్లగా ఏదో చదువుతున్నారు. నేనూ ఒక పక్కగా కూర్చున్నాను. పై అంతస్తులు నాకు ఆ రోజు పూర్తవలేదు, గురువారం మళ్లీ వెళ్లి చూశాను. కొన్ని గ్యాలరీలను మరమ్మతుల కోసం మూస్తుంటారు, మీకు ముఖ్యమైనవి తెరిచి ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

బుధవారం కుతుబ్ మీనార్. మెట్రో స్టేషన్ పేరు కుతుబ్ మీనారే అయినా అక్కణ్నుంచి ఆటో కావాలి, నడవడానికి దూరం. మీనార్ ఎత్తు సుమారు 73 మీటర్లు. ఢిల్లీ సుల్తానుల్లో కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెడితే ఇల్టుట్మిష్ పైకి లేపాడు. పిడుగు పడి దెబ్బ తింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగు చేయించి పై అంతస్తులు కట్టించాడు. కింద ఎర్రరాయి, పైన పాలరాయి తేడా కళ్లకు తెలిసిపోతుంది. లోపలికి ఎక్కనివ్వరు, 1981లో తొక్కిసలాట జరిగి చాలామంది చనిపోయినప్పటి నుంచి మూసేశారు. అక్కడే ఉన్న ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది, పదహారు వందల ఏళ్లుగా ఎండకీ వానకీ నిలబడి ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ కావడం వల్ల పైన ఒక పొర కట్టి తుప్పును ఆపుతోందని శాస్త్రవేత్తలు తేల్చారు.

కానీ నా మనసు నిలిచిపోయింది అదే ఆవరణలో ఉన్న అలాయీ మీనార్ దగ్గర. చాలామంది దాని దాకా రారు. కుతుబ్ మీనార్‌కు రెట్టింపు ఎత్తులో కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టాడు. 1316లో ఆయన చనిపోయాక పని ఒక అంతస్తు దగ్గరే ఆగిపోయింది. ఓరుగల్లు మీదికి తన సేనాని మాలిక్ కాఫుర్‌ను పంపిన సుల్తాను ఈయనే. కాకతీయ ప్రతాపరుద్రుడి ఖజానా తరలివచ్చింది ఈ ఢిల్లీకే. ఆ రాళ్ల గుట్ట ఎదురుగా చెట్టు నీడలో కూర్చుని ఓరుగల్లు కోట తోరణాలను తలచుకున్నాను. అక్కడ నాకు గంటన్నర గడిచిపోయింది.

హుమాయూన్ సమాధికి మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. సాయంత్రం ఎండ ఎర్రరాయి మీద పడే వేళకి అక్కడ ఉండాలి. భార్య హాజీ బేగం కట్టించిన సమాధి ఇది, తాజ్‌మహల్‌కి దాదాపు ఎనభై ఏళ్లు ముందుది. నాలుగు భాగాల తోట మధ్యలో సమాధి కట్టే పద్ధతి మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఇక్కడే మొదలైంది. 1857లో చివరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ వచ్చి దాక్కున్నదీ, ఆంగ్లేయులకు దొరికిపోయిందీ ఈ ఆవరణలోనే. తొంభై ఏళ్ల తర్వాత విభజన కాందిశీకులు ఇదే తోటలో గుడారాలు వేసుకుని బతికారు. నేను వెళ్లింది ఆదివారం కాబట్టి జనం బాగా ఉన్నారు, మీరు మామూలు రోజున వెళ్తే ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. 2024లో పక్కనే భూమి లోపల కొత్త మ్యూజియం కూడా తెరిచారు, అది నేను చూడలేదు.

ఎర్రకోటకు అరపూట చాలు. అందులో నేతాజీ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం మాత్రం వదలొద్దు. ఆ సైనికులపై ఆంగ్లేయులు విచారణ జరిపిన కోట అది.

గాంధీ స్మృతి గురించి ఎక్కువ చెప్పను. బాపూ ఆఖరి 144 రోజులు గడిపిన ఇల్లు. 1948 జనవరి 30 సాయంత్రం ఆయన గదిలోంచి ప్రార్థనా స్థలానికి నడిచిన దారిలో అడుగుల గుర్తులు వేసి ఉంచారు. ఆ అడుగుల పక్కనే మీరూ నడవండి. అవి ఆగిపోయే చోట మాట రాదు.

ఇక మీ భయాల సంగతి. మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాల దూరంలో, పెద్ద రోడ్డు మీదున్న బస చూసుకోండి. కాస్త డబ్బు ఎక్కువైనా ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి. మెట్రోలో మొదటి పెట్టె ఆడవాళ్లదే, నేను ప్రతిసారీ అందులోనే ఎక్కాను. స్టేషన్ల పేర్లు, ప్రకటనలు ఇంగ్లిషులోనూ ఉంటాయి, హిందీ రాలేదని ఎక్కడా ఆగిపోలేదు. ప్రతి స్టేషన్లో బ్యాగు తనిఖీ ఉంటుంది కాబట్టి చిన్న సంచీ పట్టుకెళ్లండి. చీకటి పడేసరికి గదికి చేరేలా చూసుకున్నాను, రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేశాను. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు వల్ల రైళ్లు ఆలస్యమవుతాయి, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు హాయిగా ఉంటాయి.

ఒకటి నిజం చెప్పాలి. పగలు ఎంత బాగున్నా, మొదటి రెండు రాత్రులు గదిలో ఒక్కదాన్నే భోంచేస్తుంటే దిగులేసింది. మూడో రోజు ఏపీ భవన్ క్యాంటీన్‌కి వెళ్లి పప్పు, గోంగూర పచ్చడితో అన్నం తిన్నాను, చుట్టూ తెలుగు వినిపిస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఇంకో పని కూడా చేశాను. ఒక నోటుబుక్కులో ఆ రోజు చూసినవి పిల్లలకు చెప్తున్నట్టుగా రాసుకున్నాను, రాస్తుంటే నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడు క్లాసులో ఆ నోటుబుక్కే తెరుస్తున్నాను.

మీ రైలు ఏ వారం చేరుతుందో చెప్పండి. సోమవారం ఎక్కడ పడుతుందో చూసి, నాలుగు రోజులకూ వరుస నేనే రాసి ఇస్తాను.