పిల్లాడు తాబేలు కావాలంటున్నాడు: వరంగల్‌లో ఏది కొనొచ్చు, ఎలా ఉంచాలి?

నక్షత్ర తాబేలునైనా, మన చెరువుల్లో దొరికే మెత్తటి డిప్ప తాబేలునైనా ఇంట్లో పెంచడం నేరం. పెంచాలంటే షాపుల్లో అమ్మే రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే విదేశీ తాబేలు ఒక దారి, అదీ పెద్ద తొట్టి పెట్టగలిగితేనే.

మొదటి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే వాటికీ ఉంది. స్లైడర్ అమెరికా జాతి, కాబట్టి ఆ నిషేధం దానికి లేదు.

అసలు చిక్కు తొట్టి దగ్గరే. ఉదాహరణకు హన్మకొండలో రూపాయి బిళ్లంత పిల్లను ప్లాస్టిక్ గిన్నెతో సహా కొన్నారనుకోండి. కొన్నేళ్లలో అది అన్నం పళ్లెమంత అవుతుంది, 20 ఏళ్లు దాటి బతుకుతుంది. ఈదడానికి వందల లీటర్ల నీళ్లు, ఫిల్టర్, ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి రాయి, దాని మీద ఎండ లేదా యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ చాలదు. అద్దం యూవీబీని ఆపేస్తుంది, అది అందకపోతే డిప్ప మెత్తబడుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా బాక్టీరియా అంటుకోవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలుంటే వద్దనే అంటాను.

చాలామంది పొరపడేదేంటంటే, పెద్దదయ్యాక భద్రకాళి చెరువులో వదిలేస్తే పుణ్యమని. అది అక్కడి తాబేళ్ల తిండికి, చోటుకు పోటీపడుతుంది, రోగాలూ అంటించవచ్చు.