సోవియట్ పాలనలో రచయితలు అధికారానికి ఎందుకు తలవంచారు?

భయం ఒక్కటే కారణం అనుకుంటే సగమే అర్థమవుతుంది. 1934లో తొలి మహాసభ జరుపుకున్న సోవియట్ రచయితల సంఘం చేతిలోనే అచ్చు, ఇల్లు, విశ్రాంతి గృహాలు ఉండేవి. అందులోంచి తొలగిస్తే పూట గడవడమే కష్టం.

అదే ఏడాది, స్టాలిన్‌ను నిందిస్తూ అల్లిన ఒక్క కవితకు ఒసిప్ మాండెల్‌స్టామ్ అరెస్టయ్యారు. దాన్ని ఆయన అచ్చు వేయలేదు. కొద్దిమంది మిత్రులకు చదివి వినిపించారంతే. స్టాలిన్ స్వయంగా కవి పాస్టర్నాక్‌కు ఫోన్ చేసి మాండెల్‌స్టామ్ గురించి ఆరా తీశాడు. పాస్టర్నాక్ తడబడ్డారు. అలాంటి గొంతు ఫోనులో వినిపించినప్పుడు తడబడిన మనిషిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

మాండెల్‌స్టామ్ 1938లో వ్లాదివోస్తోక్ దగ్గరి శిబిరంలో మరణించారు. అచ్చుకు నోచుకోని ఆయన కవితలను భార్య నదేజ్దా కంఠస్థం చేసి ఏళ్ల తరబడి కాపాడారు.